ఆరు సెంట్ల తేడా: కోనసీమలో ఒక కొత్త సర్వేయర్ శిక్షణ

కోనసీమలో పొలం కొలతలకు అనువైన కాలం చాలా చిన్నది. దాళ్వా (రెండో పంట) కోతలు ముగిసి, కాలువలు కట్టేసి నీరు ఆపాక, మళ్లీ సార్వా (తొలకరి పంట) నారుమళ్లకు నీరు వదిలేలోపే చేలో గొలుసు లాగగలం. మిగతా ఏడాదంతా నీరో పైరో అడ్డం ఉంటుంది. అందుకే ప్రైవేటు సర్వేయర్‌నైన నా దగ్గర పని నేర్చుకోవాలని వచ్చేవారిని వేసవి మొదట్లోనే చేర్చుకుంటాను. ఈ కేసు అలా చేరిన ఒక అమ్మాయిది. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసింది. తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు. ఊరి పేరు, సర్వే నంబరు ఇక్కడ రాయడం లేదు. పొలం హద్దు రాళ్లకు ఎ, బి, సి, డి అనే పేర్లు నేను పెట్టుకున్నవే.

చేరేనాటికి ఆమెకు వచ్చినవి తక్కువేమీ కాదు. కోణాలు, దూరాలు కొలిచే టోటల్ స్టేషన్ నిలబెట్టి బుడగ మధ్యకు తేవడంలో చేయి చురుకు. పాయింట్లు దించుకుని ఆటోక్యాడ్‌లో గీయగలదు. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు వారీగా పొలం కొలతలు రాసిన పటం) నకలు చేతికిస్తే మాత్రం ఎటు తిప్పి చదవాలో తెలియలేదు. ఇది ఆమె లోపమని నేను అనుకోను. 2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడ్డప్పుడు 11 వేలకు పైగా గ్రామ సర్వేయర్ పోస్టులు వచ్చాయి. 2020 డిసెంబరు 21న అప్పటి కృష్ణా జిల్లాలోని తక్కెళ్లపాడులో సమగ్ర రీసర్వే మొదలై డ్రోన్లు, బేస్ స్టేషన్లు, ఉపగ్రహ సంకేతాలతో చోటు చెప్పే రోవర్లు పల్లెల్లోకి వచ్చాయి. ఈ ఉద్యోగాలను చూసి చదువుకున్న పిల్లలకు సర్వే అంటే రోవర్ పట్టుకోవడమే అనిపించడం సహజం. రోవర్ తన కర్ర భూమ్మీద ఎక్కడ నిలబడిందో సెంటీమీటర్లలో చెబుతుంది. ఆ చోటు హద్దో కాదో మనిషే తేల్చాలి. నేను ఇచ్చే శిక్షణ అంతా ఆ తేల్చడం గురించే. అందుకే రికార్డుతో మొదలుపెట్టి, రాళ్ల మీదుగా పరికరం దగ్గరికి చివర్లో వస్తాను. ఈ క్రమం తిరగబడితే ఏమవుతుందో ఈ కేసులో కనిపించింది.

బల్ల దగ్గర

మొదట ఆమెను పొలానికి తీసుకెళ్లలేదు. ఒక పాత ఎఫ్‌ఎంబీ నకలు, గ్రాఫు కాగితం, పెన్సిలు ఇచ్చి కూర్చోబెట్టాను. మన డెల్టాలో పాత కొలతలన్నీ లింకుల్లో ఉంటాయి. గుంటర్ గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, ఒక్కో లింకు 7.92 అంగుళాలు. ఈ గొలుసు మనకు ఒక పెద్ద మేలు చేసింది. ఎకరా అంటే సరిగ్గా లక్ష చదరపు లింకులు, సెంటు అంటే వెయ్యి. లింకుల్లో వైశాల్యం వస్తే కుడివైపు నుంచి మూడు అంకెలు వదిలేస్తే సెంట్లు చేతికొస్తాయి. అదే సెంటు గజాల్లో 48.4, చదరపు అడుగుల్లో 435.6, చదరపు మీటర్లలో 40.47. దస్తావేజులో గజాలు, అడంగల్‌లో ఎకరాలు సెంట్లు, ఎఫ్‌ఎంబీలో లింకులు, రోవర్‌లో మీటర్లు ఉంటాయి. ఈ నాలుగింటి మధ్య తడుముకోకుండా తిరగగలగడం ఈ వృత్తిలో మొదటి మెట్టు.

ఆమెకు ఇచ్చిన నకలు తరువాత కొలవబోయే పొలానిదే. నాలుగు మూలలు, నాలుగు రాళ్లు. ఎ నుంచి సి వరకు జి లైను (పొలం లోపల కొలతకు ఆధారమైన గీత) 742 లింకులు. దాని మీద 260 దగ్గర కుడివైపు గీతకు లంబంగా 318 లింకుల ఆఫ్‌సెట్‌తో బి, 470 దగ్గర ఎడమవైపు 286 లింకుల ఆఫ్‌సెట్‌తో డి. జి లైను కొలతలను కింది నుంచి పైకి చదవాలి. ఎ దగ్గర నిలబడి సి వైపు చూస్తున్నట్టు ఊహించుకుంటేనే కుడి ఎడమలు సరిగ్గా పడతాయి. మొదటిసారి ఆమె రెండు ఆఫ్‌సెట్లనూ ఒకే పక్కన వేసింది. పొలం చిలకముక్కులా వచ్చింది. తప్పు చెప్పలేదు, గ్రామ పటం పక్కన పెట్టి పోల్చమన్నాను. తనే పట్టుకుంది.

వైశాల్యం లెక్క తేలిక. 742ను రెండు ఆఫ్‌సెట్ల మొత్తం 604తో గుణించి సగం చేస్తే 2,24,084 చదరపు లింకులు, అంటే 2 ఎకరాల 24 సెంట్లు. అడంగల్‌లోనూ అంతే ఉంది. ఇక్కడితో ఆపకుండా నాలుగు పక్కల పొడవులనూ లెక్కగట్టమన్నాను. ఎబి 411, బిసి 577, సిడి 395, డిఎ 550 వచ్చాయి. ఎఫ్‌ఎంబీలో గీతల మీద రాసినవీ ఇవే. చివరగా బి నుంచి డి వరకు అడ్డగీత ఎంతో కనుక్కోమన్నాను. అది ఎఫ్‌ఎంబీలో ఉండదు.

"రాసిలేని గీత మనకెందుకు మాస్టారూ?" అని అడిగింది.

"నాలుగు రాళ్లలో ఏది అబద్ధం చెబుతోందో ఆ గీతే చెబుతుందమ్మా" అన్నాను. లెక్క ప్రకారం అది 639 లింకులు. ఆమె దాన్ని నోటు పుస్తకం అట్ట లోపలివైపు రాసిపెట్టుకుంది.

గొలుసు, టేపు

గొలుసు ఇప్పుడు ఎవరు వాడుతున్నారని చాలామంది అడుగుతారు. కొబ్బరితోటల కింద, ఇళ్ల మధ్య, పరికరం ఎక్కని చోట నేటికీ టేపే గతి. అంతకంటే ముఖ్యంగా, కొలతలో పొరపాటు ఎలా పుడుతుందో చేతికి తెలిసేది గొలుసుతోనే. సాగిన గొలుసు తక్కువ చదువుతుంది. వంద లింకుల గొలుసు ఒక్క లింకు సాగి ఉంటే 742 లింకుల గీత 735 దగ్గర ముగుస్తుంది. పొలం మొత్తం అదే గొలుసుతో కొలిస్తే 2 ఎకరాల 24 సెంట్లు దాదాపు 2 ఎకరాల 20 సెంట్లకు దిగుతుంది. ఎవరూ గట్టు జరపకుండానే రైతుకు నాలుగు సెంట్లకు పైగా పోయినట్టు కాగితం చెబుతుంది. అందుకే పనికి వెళ్లే ముందు గొలుసును, టేపును ఒక నమ్మకమైన గుర్తు మీద సరిచూడాలి. మా వరండాలో గచ్చు మీద రెండు ఇత్తడి మేకులు దిగవేసి ఉన్నాయి. వాటి మధ్య దూరంతో పోల్చకుండా ఏ టేపూ గేటు దాటదు.

ఎండ సంగతి కూడా చూపించాను. ఉక్కు టేపును 20 డిగ్రీల దగ్గర ప్రమాణీకరిస్తారు. మే నెలలో 40 డిగ్రీల్లో 30 మీటర్ల టేపు 7 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. సెంట్ల లెక్కలో అది పెద్ద విషయం కాకపోయినా ఏ తేడా ఎంతటిదో తెలిసి ఉంటేనే దేన్ని పట్టించుకోవాలో, దేన్ని వదిలేయాలో తెలుస్తుంది.

పొలంలో

యజమాని ఒక పెద్దాయన. కొడుకులకు పంచి ఇవ్వాలనుకుంటున్నారు. పంచే ముందు మొత్తం కొలిపించమని వచ్చారు. ఊళ్లో రీసర్వే ఇంకా పూర్తి కాలేదు కాబట్టి ఎఫ్‌ఎంబీయే ఆధారం. ఈ పనికి ఆమెను ముందు పెట్టి నేను వెనక నిలబడ్డాను.

ఎ రాయి పుంత మూలలో ఉంది. బెత్తెడు మాత్రమే పైకి కనిపిస్తోంది, కొంచెం తూర్పుకు వాలి ఉంది. సి రాయి మురుగు కాలువ గట్టు కింద గడ్డిలో దొరికింది. బి కొబ్బరితోటలో ఉంది. పీచు కుప్పలు తొలగించి గునపంతో పొడుచుకుంటూ వెళితే జానెడు లోతున తగిలింది. ఇక్కడ ఆమె పెంపకం పనికొచ్చింది. "హద్దు మీద చెట్లు వరసలో ఉండవు మాస్టారూ, రెండు తోటల వరసలు ఇక్కడ కలవడం లేదు, చూడండి" అని చెట్ల వరసలను బట్టి వెతకవలసిన చోటును సగానికి తగ్గించింది. తోటల్లో ఎదిగిన కన్ను అది. డి రాయి మాత్రం వెతకనక్కర లేకుండా బోదె (చిన్న పంట కాలువ) మలుపు దగ్గర గట్టు మీద నిటారుగా, శుభ్రంగా నిలబడి ఉంది.

ఎ, సి, డి దగ్గర ఆకాశం తెరిచి ఉంది. రోవర్ వెంటనే ఫిక్స్ అయింది, అంటే చోటు సెంటీమీటర్లలో కుదిరింది. బి దగ్గర కొబ్బరి మట్టల కింద ఎంతసేపున్నా ఫ్లోట్ (ఇంకా కుదరని అంచనా) దాటలేదు. అయినా ఆమె పాయింటు తీసుకుంది. కాసేపు ఆగి మళ్లీ తీయమన్నాను. రెండు పాయింట్ల మధ్య దాదాపు రెండడుగుల తేడా వచ్చింది. ఆకుల మధ్య నుంచి ఉపగ్రహ సంకేతాలు అరకొరగా అందుతాయి, కొన్ని చెట్లకు తగిలి తిరిగి వస్తాయి. తెర మీద అంకె మూడు దశాంశాలతో కనిపించినంత మాత్రాన అది మూడు దశాంశాల నిజం కాదు. కోనసీమలో పనిచేసే కొత్త సర్వేయర్‌కు నేను మొట్టమొదట పెట్టే నియమం ఇదే: ఫిక్స్ రాని పాయింటు నోటు పుస్తకంలోకి ఎక్కకూడదు. బయట తెరిపిలో రెండు పాయింట్లు రోవర్‌తో స్థిరపరిచి, అక్కడి నుంచి టోటల్ స్టేషన్‌తో బిని పట్టాం.

ఈలోగా ఆమె ఇంకో సంగతి గమనించింది. ఎ నుంచి సికి టోటల్ స్టేషన్ 149.31 మీటర్లు చూపింది, రోవర్ కోఆర్డినేట్ల నుంచి లెక్కగడితే 149.27 వచ్చింది. చాలామంది నాలుగు సెంటీమీటర్లే కదా అని వదిలేస్తారు. ఆమె వదల్లేదు, కారణం అడిగింది. ఆ ప్రశ్న విని నాకు చాలా సంతోషం వేసింది. మన కోఆర్డినేట్లు యూటీఎం (గుండ్రటి భూమిని చదునైన పటం మీదికి తెచ్చే పద్ధతి) 44వ జోన్‌లోవి. దాని మధ్య రేఖాంశం 81 డిగ్రీలు, గుడివాడ దగ్గరగా పోతుంది. ఆ రేఖ మీద పటం దూరాలను నేల దూరాల కంటే పదివేలకు నాలుగు వంతులు తగ్గించి చూపుతారు. తూర్పుకో పడమరకో జరిగే కొద్దీ ఆ తగ్గుదల తగ్గుతుంది. అమలాపురం 82 డిగ్రీల మీద ఉంది. ఇక్కడ కిలోమీటరుకు సుమారు 26 సెంటీమీటర్ల తేడా వస్తుంది. 149 మీటర్లకు నాలుగు సెంటీమీటర్లు అలా వచ్చినవే. ఈ పొలం విస్తీర్ణంలో దాని ప్రభావం సెంటులో ఎనిమిదో వంతు కూడా ఉండదు. ఊరంతా ట్రావర్స్ (వరస గీతలు కొలుచుకుంటూ తిరిగి మొదటి చోటికి రావడం) నడిపేటప్పుడు మాత్రం నేల దూరాన్ని, పటం దూరాన్ని కలిపేస్తే గీతలు మూసుకోవు.

నలుగురి ముందు అన్న మాట

నాలుగు పాయింట్లూ చేతికి రాగానే ఆమె ట్యాబ్‌లో వైశాల్యం చూసింది. 2 ఎకరాల 18 సెంట్లు. చుట్టూ యజమాని, ఆయన పెద్ద కొడుకు, బోదె అవతలి చేను రైతు, చూడ్డానికి వచ్చిన మరికొందరు ఉన్నారు.

"బాబాయిగారూ, మీకు ఆరు సెంట్లు తక్కువ వస్తోందండీ" అంది.

ఆ మాటతో పొలం వేడెక్కింది. పెద్ద కొడుకు బోదె అవతలి రైతు వైపు తిరిగి గట్టిగా అరిచాడు. ఆయనా ఊరుకోలేదు. తాతల నాటి సంగతులన్నీ బయటికి వచ్చాయి. డెల్టాలో ఆరు సెంట్లంటే ఒక ఇంటి స్థలం కంటే ఎక్కువ. ఆ అంకెను నలుగురిలో అనడమంటే ఒకరిని దొంగ అన్నట్టే వినిపిస్తుంది. నేను అందరినీ కూర్చోబెట్టి, కొలత ఇంకా పూర్తి కాలేదని, పూర్తయ్యాక ఇద్దరికీ ఒకేసారి చెబుతామని చెప్పాను. ఆమెను పక్కకు పిలిచి మందలించలేదు. నోటు పుస్తకం అట్ట తెరవమన్నాను.

తరువాతి గంట మొత్తం శిక్షణలో అన్నిటికంటే విలువైనది. ఆమె చేతనే పట్టిక రాయించాను. ఎసి 742 ఉండాలి, 742 ఉంది. ఎబి 411 ఉండాలి, 411 ఉంది. బిసి 577 ఉండాలి, 577 ఉంది. అంటే ఎ, బి, సి మూడూ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతున్నాయి. ఇక మిగిలినవి డికి వచ్చే గీతలు. డిఎ 550 బదులు 542. సిడి 395 బదులు 383. బిడి 639 బదులు 624. డిని తాకే మూడు గీతలూ పొట్టి, డిని తాకని మూడు గీతలూ సరి. టేపు సాగి ఉంటే ఆరూ ఒకే నిష్పత్తిలో తగ్గేవి. పక్క రైతు గట్టు నరికి ఉంటే గట్టు జరుగుతుంది, రాయి జరగదు.

ఆమె కాసేపు ఆ అంకెలను చూసి "రాయే కదిలింది మాస్టారూ" అంది.

"అయితే రాయి దగ్గరికి వెళ్లి చూద్దాం పద."

మన బంకమట్టిలో ఏళ్ల తరబడి నిలిచిన రాయి కుంగుతుంది, లేదా ఎండకు నెర్రెలు విచ్చినప్పుడు ఒక వైపు వాలుతుంది. ఎ రాయి అలాగే ఉంది. డి రాయి నిటారుగా, కావలసిన దానికంటే ఎత్తుగా ఉంది. దాని ఒంటి మీద పాత మట్టి మరక గీత నేలకు జానెడు పైన కనిపించింది. ఒకప్పుడు ఆ గీత వరకు భూమిలో ఉన్న రాయి అది. ఈ గుర్తు ఏ పరికరమూ చూపదు. కొత్తవారిని రాయి ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టి చూపించాల్సిందే.

అప్పుడు బోదె అవతలి రైతును మర్యాదగా అడిగాను. ఆయన దాచలేదు. "అంతకు ముందు వేసవిలో పొక్లెయిన్ వచ్చి బోదె పూడిక తీసిందండీ. ఆ మలుపులో రాయి బకెట్‌లో వచ్చేసింది. సర్కారు రాయి పారేయకూడదని మేమే గట్టు మీద పాతాం" అన్నారు. పూడిక తీసిన యంత్రం మలుపులో లోపలికి తిరిగి బోదెను వెడల్పు చేసింది. తరువాత యజమాని కూలీలే కొత్త చోట పాతిన ఆ రాయిని నమ్మి గట్టును దానికి సరిగా చెక్కేశారు. కొరవడిన ఆరు సెంట్లు బోదెలో, దాని గట్ల కిందే ఉన్నాయి. అవతలి చేలోకి ఏమీ పోలేదు.

కనుక్కున్నది, సరిచూసుకున్నది

డి అసలు చోటును ఎసి గీత మీద 470 దగ్గర నుంచి లంబంగా 286 లింకులు పోయి ఆమే గుర్తించింది. అది ఇప్పుడున్న రాయికి 16 లింకులు, అంటే పదిన్నర అడుగుల అవతల పడింది. ఎ నుంచి 550, సి నుంచి 395, బి నుంచి 639 సరిపోయాయి. అంతటితో సరిపెట్టలేదు. అదే రాయి అవతలి సర్వే నంబరుకు కూడా హద్దు రాయి. దాని ఎఫ్‌ఎంబీ వేరు, కొలతలు వేరు. ఆ వైపు దొరికిన రెండు రాళ్ల నుంచి గీతలు కలిపితే ఆ చోటు మాకు వచ్చిన చోటుకు ఒక లింకు తేడాలో పడింది. ఒకే రాయికి రెండు పొలాల రికార్డులు ఒకే చోటు చూపిస్తే నాకు నమ్మకం కుదురుతుంది. ఒక పొలం లెక్క ఎంత అందంగా మూసుకున్నా పక్క పొలం వైపు నుంచి చూడకుండా నేను ఏ నివేదికా ఇవ్వను, ఇవ్వనివ్వను.

ఆ చోట చెక్క మేకు మాత్రమే కొట్టాం. సర్వే రాయిని తీసి మరోచోట నాటే అధికారం ప్రైవేటు సర్వేయర్‌కు లేదు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం కింద అది ప్రభుత్వ పని, రాళ్లను చెరపడం శిక్షార్హం కూడా. తమ అధికారం ఎక్కడ ఆగుతుందో కొత్తవారికి మొదటి ఏడాదిలోనే స్పష్టంగా తెలియాలి. సర్వేయర్ గీత చూపిస్తాడు. ఆ గీత లోపల ఎవరి హక్కు ఎంత అన్నది రెవెన్యూ వారో కోర్టో తేలుస్తారు.

నివేదికను ఆమె చేతనే రాయించాను. మొదటి ప్రతిలో "ఆక్రమణ" అన్న మాట ఉంది. దాన్ని తీయించి ఏ రాయి ఏ స్థితిలో దొరికింది, ఏ గీత రికార్డులో ఎంత, నేల మీద ఎంత, బి దగ్గర రోవర్ ఎందుకు వాడలేదు, డి చోటు ఎలా నిర్ధారించాం అన్నవే రాయమన్నాను. రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి ఆ ప్రతిని ఆమే చదివి వినిపించింది. ఇద్దరూ కలిసి ఎఫ్ లైను దరఖాస్తు (ప్రభుత్వ సర్వేయర్‌తో హద్దులు కొలిపించమని) పెట్టుకున్నారు. ప్రభుత్వ సర్వేయర్ చుట్టుపక్కల రైతులకు నోటీసులిచ్చి వచ్చి కొలిచారు. ఆయన చోటుకు, మా మేకుకు మధ్య తేడా లింకు లోపే. రాయి అసలు చోట నిలబడింది. బోదెను దాని పాత దారిలోకి తెచ్చే ఖర్చు రెండు వైపుల వారూ పంచుకున్నారు. పెద్దాయన పంపకం 2 ఎకరాల 24 సెంట్ల మీద జరిగింది.

ఈ శిక్షణ నుంచి నాకు స్థిరపడిన సంగతులు

డిప్లొమా పిల్లలకు పరికరం నేర్పడానికి పెద్దగా సమయం పట్టదు, వాళ్లు మనకంటే వేగంగా పట్టుకుంటారు. సమయం పెట్టాల్సింది ఎఫ్‌ఎంబీని చేత్తో గీయించడం మీద, రికార్డులో లేని అడ్డగీతలను ముందే లెక్కగట్టించడం మీద. ఆ 639 ఆమె అట్ట మీద లేకపోయి ఉంటే ఆ రోజు పొలంలో గొడవ సర్దడానికి మా దగ్గర ఆధారం ఉండేది కాదు. ఇప్పుడు ఏ పొలానికి వెళ్లినా ముందు రోజు సాయంత్రమే ఆరు గీతల పట్టిక తయారు కావాలన్నది మా ఆఫీసులో నియమం.

రెండో నియమం, గీతలన్నీ సరిచూసేదాకా వైశాల్యం బయటికి చదవకూడదు. ట్యాబ్‌లో ఆ అంకె కనిపించే గడిని మూసి ఉంచమంటాను.

లంక భూములకు మాత్రం మొదటి ఏడాదిలో ఎవరినీ ఒంటరిగా పంపను. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల్లో వరద ఒక ఒడ్డును కోసి మరో ఒడ్డున మేట వేస్తుంది. రాళ్లు నదిలో కలిసిపోతాయి. అక్కడ కొలత కంటే ముందు ఆ భూమి స్థితి ఏమిటో, పట్టా దేనికి ఉందో తెలియాలి. అది అనుభవంతోనే పట్టుబడుతుంది.

ఈ పని నేర్చుకున్నవారికి ఇక్కడ ఉపాధికి కొరత లేదు. సచివాలయాలు, లేఅవుట్లు, చేపల చెరువులు, 216 నంబరు జాతీయ రహదారి వెంబడి పనులు, కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం వంటి పనులన్నిటికీ భూమి కొలిచే మనుషులు కావాలి. రీసర్వే పూర్తయిన ఊళ్లలో ఎఫ్‌ఎంబీ స్థానంలో ల్యాండ్ పార్సిల్ మ్యాపులు వచ్చాయి. కొత్త విస్తీర్ణానికి, పాత విస్తీర్ణానికి తేడా ఎందుకు వచ్చిందని రైతు అడిగినప్పుడు రెండు రికార్డులూ చదవగలిగిన సర్వేయరే జవాబు చెప్పగలడు.

ఆమె ఇప్పుడు కాలువల నీటి మట్టాలకు లెవలింగ్ నేర్చుకుంటోంది. గ్రామ ట్రావర్స్ నడపడం, పంపకానికి సబ్‌డివిజన్ గీతలు వేయడం ఇంకా నేర్చుకోవాల్సి ఉంది. వచ్చే వేసవిలో కాలువలు కట్టేయగానే ఒక చిన్న ట్రావర్స్ ఆమెకు అప్పగిస్తాను. దానికి నేల దూరాల దిద్దుబాటు పట్టిక ముందే తయారు చేయమని చెప్పాను, ఇప్పటికే మొదలుపెట్టింది.